చలికాలంలో క్యాంపర్‌వ్యాన్, స్నోషూ నడక: బాన్ఫ్, రాకీ మౌంటెన్, రెయినియర్‌లలో ఏది ఎంచుకోవాలి?

అమెరికా, కెనడాల్లో ఉంటున్న మనవాళ్ళలో చాలామంది ఎండాకాలంలో ఒక్కసారైనా క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని నేషనల్ పార్కులు చుట్టి వచ్చినవాళ్ళే. అదే వ్యాన్‌లో జనవరిలోనో ఫిబ్రవరిలోనో మంచుకొండలకు వెళ్ళాలని, కాళ్ళకు స్నోషూలు కట్టుకుని గడ్డకట్టిన చెరువుల దాకా నడవాలని ఆ తర్వాత అనిపిస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే: ఏ కొండ బాగుంటుంది?

ఎండాకాలంలో ఆ ప్రశ్న సరైనదే. చలికాలంలో మొదట అడగాల్సింది అది కాదు. రాత్రి బండి ఎక్కడ ఆపుతాం, అక్కడ పడుకోనిస్తారా, పక్కన కరెంటు పాయింటు ఉందా అనేది ముందు తేల్చుకోవాలి. రాత్రి వెచ్చగా నిద్రపడితేనే మర్నాడు నడక ఉంటుంది. నడిచేది పగలు మూడు నాలుగు గంటలు. వ్యాన్‌లో గడిపేది పదిహేను పదహారు గంటలు. డిసెంబర్ చివర్లో బాన్ఫ్‌లో పగలు ఎనిమిది గంటలకు మించదు, సాయంత్రం అయిదు కాకముందే చీకటి పడుతుంది. అందుకే ఇక్కడ పోల్చబోయే మూడు చోట్లనూ ముందు పడక లెక్కలో, తర్వాతే నడక లెక్కలో చూస్తాను.

ఆ మూడు: కెనడాలోని ఆల్బెర్టాలో బాన్ఫ్–లేక్ లూయీస్, కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్, వాషింగ్టన్ రాష్ట్రంలో మౌంట్ రెయినియర్. కాల్గరీ, డెన్వర్, సియాటిల్ నుంచి వీటికి రోజులోనే చేరుకోవచ్చు. మూడు ఊళ్ళలోనూ తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు.

స్నోషూ ఎప్పుడూ వాడనివాళ్ళ కోసం ఒక మాట. అది బూటు కింద బిగించుకునే వెడల్పాటి చట్రం. ఒంటి బరువును ఎక్కువ మేర పరుస్తుంది కాబట్టి లోతైన మంచులో కాలు మోకాలి దాకా దిగబడదు. అడుగున ఉక్కు పళ్ళు ఉంటాయి, అవి జారకుండా పట్టుకుంటాయి. స్కీయింగ్‌లా నేర్చుకోవాల్సిన పని లేదు. నడవడం వచ్చినవాళ్ళందరికీ పావుగంటలో అలవాటవుతుంది. అమ్మానాన్నలతో, పదేళ్ళ పిల్లలతో కలిసి చేయగలిగిన మంచు ఆట ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

బాన్ఫ్–లేక్ లూయీస్: చలి ఎక్కువ, ఏర్పాట్లూ ఎక్కువ

మూడింట్లో గడ్డ చలి ఇక్కడే. జనవరి రాత్రుల్లో మైనస్ 15 మామూలు విషయం. ఉత్తరం నుంచి చలిగాలి దిగిన వారంలో మైనస్ 30 కూడా దాటుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు చూసి వణికిన అనుభవంతో దీన్ని అంచనా వేయలేం, ఇది వేరే రకం చలి. ముక్కు లోపలి తేమ గడ్డకడుతుంది. కళ్ళజోడు ఇనుపముక్కలా చల్లబడుతుంది. ఫోన్ బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది.

అయినా వ్యాన్‌లో మొదటిసారి చలికాలం ప్రయాణం చేసేవాళ్ళకు నేను మొదట చెప్పేది బాన్ఫ్ పేరే. ఏడాది పొడవునా తెరిచి ఉండే, కరెంటు పాయింట్లున్న క్యాంప్‌గ్రౌండ్లు పార్కు లోపలే ఉన్నాయి. బాన్ఫ్ ఊరికి ఆనుకుని టన్నెల్ మౌంటెన్ విలేజ్ 2 ఉంది. అక్కడికి సుమారు 55 కిలోమీటర్ల అవతల లేక్ లూయీస్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది, దాంట్లో గట్టి గోడలున్న బండ్ల కోసం కేటాయించిన భాగం చలికాలమంతా నడుస్తుంది. వెచ్చటి బాత్రూములు ఉంటాయి. బుకింగ్ పార్క్స్ కెనడా (కెనడా నేషనల్ పార్కుల సంస్థ) సైట్‌లోనే.

రెండింట్లో ఏది? మొదటిసారి అయితే టన్నెల్ మౌంటెన్. ఊళ్ళోకి వెళ్ళడానికి రోమ్ అనే లోకల్ బస్సు ఉంది, లేక్ లూయీస్‌కూ బస్సు ఉంది. అంటే వ్యాన్‌ను కరెంటుకు తగిలించి అలాగే వదిలేసి, బస్సులో వెళ్ళి నడిచి రావచ్చు. ఈ సౌకర్యం విలువ మంచు కురిసే రోజున తెలుస్తుంది. పొద్దున్నే బండి మీద మంచు దులిపి, వైరు చుట్టి, లోపలి సామాను సర్ది, జారే రోడ్డు మీద నడిపే టెన్షన్ మొత్తం పోతుంది. లేక్ లూయీస్ క్యాంప్‌గ్రౌండ్ నడక దారులకు దగ్గర, ఎత్తు కాస్త ఎక్కువ కాబట్టి మంచూ ఎక్కువ. కాకపోతే పక్కనే రైలు పట్టాలున్నాయి, రాత్రంతా గూడ్సు బండ్లు వెళ్తాయి. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకు ఫర్వాలేదేమో గానీ, అలికిడికి లేచే పసిపిల్లలుంటే మాత్రం ఆలోచించండి.

నడకల విషయానికొస్తే, లేక్ లూయీస్ ఒడ్డు వెంట దారి చదునుగా, వెళ్ళడానికి రెండు కిలోమీటర్లు ఉంటుంది. రోజూ వందలమంది నడిచి మంచు గట్టిపడి ఉంటుంది కాబట్టి దీనికి స్నోషూలు అక్కర్లేదు, బూటుకు తొడిగే చిన్న ఇనుప పళ్ళ పట్టీలు చాలు. చెరువు అవతలి కొస మాత్రం హిమపాతం (కొండ వాలు మీది మంచు ఒక్కసారిగా జారిపడటం, అవలాంచ్) దిగే వాలు కింద ఉంది. హెచ్చరిక బోర్డు కనిపించిన చోట వెనక్కి తిరగాలి. అసలైన స్నోషూ నడక కావాలంటే ఒడ్డు నుంచి అడవిలోకి ఎక్కే మిర్రర్ లేక్ దారి ఉంది, వెళ్ళడానికి సుమారు 2.7 కిలోమీటర్లు. ఎండాకాలంలో అందరూ ఇంకా పైకి లేక్ ఆగ్నెస్ టీ హౌస్ దాకా వెళ్తారు. చలికాలంలో టీ హౌస్ మూసి ఉంటుంది, ఆ చివరి ముక్క హిమపాతాలు దిగే చోట ఉంది. మిర్రర్ లేక్ దగ్గరే ఆగిపోండి. అక్కడి దాకా చెట్ల మధ్య నడక చాలు, నిజంగా చాలు.

ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే సంగతి వేరుగా చెప్పాలి. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు సుమారు 230 కిలోమీటర్ల రోడ్డు, ప్రపంచంలోనే అందమైన రోడ్లలో ఒకటి. చలికాలంలో ఆ దారి పొడవునా పెట్రోలు దొరకదు, దాదాపు ఎక్కడా ఫోన్ సిగ్నల్ రాదు, శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి, హిమపాతాల నియంత్రణ కోసం అప్పుడప్పుడూ రోడ్డే మూసేస్తారు. మొదటి ట్రిప్పులో ఆ దారి మీద వ్యాన్‌లో రాత్రి గడిపే ప్లాన్ వద్దు. వాతావరణం తేటగా ఉన్న రోజున లేక్ లూయీస్ నుంచి బో లేక్ దాకా పగటిపూట వెళ్ళి వచ్చేయండి.

కెనడాకు వెళ్ళాలంటే మనకు కాగితాల పని ఒకటుంది. హెచ్1బీ మీద అమెరికాలో ఉన్న భారత పాస్‌పోర్టుదారులకు కెనడా విజిటర్ వీసా కావాలి, అది రావడానికి వారాలు పట్టవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు 2022 నుంచి వీసా అక్కర్లేదు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు చాలు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు ముగిసిపోయి, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రం చెల్లుతున్నవాళ్ళు 30 రోజుల లోపు కెనడా ప్రయాణం నుంచి ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు ముగిసిన వీసానే తిరిగి రావడానికి చెల్లినట్టు లెక్కేసే నియమం) కింద తిరిగి రావచ్చు గానీ, దానికీ షరతులున్నాయి. ఆఫీసు లాయర్‌ను ఒకమాట అడిగి కదలడం మంచిది. సియాటిల్‌లోనో మరో చోటో అమెరికాలో అద్దెకు తీసుకున్న వ్యాన్‌ను సరిహద్దు దాటించాలంటే ఆ కంపెనీ రాతపూర్వక అనుమతి కూడా అడగండి. కాల్గరీకి విమానంలో వెళ్ళి అక్కడే వ్యాన్ తీసుకోవడం నాకు అన్ని విధాలా మెరుగనిపిస్తుంది. అక్కడి బండ్లు ఆ చలికి తగ్గట్టు సిద్ధమై ఉంటాయి, కొండ దారులూ తగ్గుతాయి.

రాకీ మౌంటెన్: నడకకు అన్నిటికన్నా సులువు, ఎత్తుతో జాగ్రత్త

డెన్వర్ నుంచి ఎస్టెస్ పార్క్ ఊరికి గంటన్నర, రెండు గంటలు. స్కీ ట్రాఫిక్‌తో నిండిపోయే ఐ-70 హైవే ఎక్కకుండానే చేరుకోవచ్చు. పార్కు లోపల బేర్ లేక్ రోడ్డును చలికాలమంతా మంచు తీసి తెరిచి ఉంచుతారు. ఆ పార్కింగ్ దగ్గర బండి దిగగానే స్నోషూలు కట్టుకోవచ్చు. అక్కడి నుంచి నింఫ్ లేక్ అర మైలు, డ్రీమ్ లేక్ ఒక మైలు పైచిలుకు, ఎమరాల్డ్ లేక్ సుమారు 1.8 మైళ్ళు. మూడు చెరువులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి పిల్లలు ఎక్కడ అలసిపోతే అక్కడ ఆగి వెనక్కి రావచ్చు, ఏమీ చూడలేదన్న బాధ ఉండదు. కొత్తవాళ్ళ కోసమే కట్టినట్టుండే దారి. చలికాలంలో పార్కు రేంజర్లు ఉచితంగా స్నోషూ నడకలు నడిపిస్తారు, వీలు దొరికితే వదులుకోకండి. డ్రీమ్ లేక్ దాటాక గాలి కొడుతుంది, ఎమరాల్డ్ లేక్ చుట్టూ నిటారు వాలులున్నాయి. హిమపాతం ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజున డ్రీమ్ లేక్‌తో సరిపెట్టుకోండి.

ఇక్కడ అసలు చిక్కు ఎత్తు. ఎస్టెస్ పార్క్ 2,300 మీటర్ల దగ్గర ఉంది, మొరైన్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్ దాదాపు 2,490 మీటర్లు, బేర్ లేక్ 2,888 మీటర్లు. సముద్ర మట్టం దగ్గరుండే ఊళ్ళ నుంచి, అంటే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో విమానం దిగి అదే రోజు పైకెళ్ళి పడుకుంటే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వచ్చే అవకాశం బాగా ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే డెన్వర్‌లో కనీసం ఒక రాత్రి ఆగండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ఈ ఎత్తులో రాత్రి పడుకోవద్దు.

ఆ ఎత్తులో నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో పెట్టి ఎంతసేపు ఉడికించినా పలుకు పోదు. ప్రెషర్ కుక్కర్ ఉండాల్సిందే, లేదా ఇంట్లో ఉడికించి గడ్డకట్టించిన పప్పు తీసుకెళ్ళాలి.

పడక విషయంలో బాన్ఫ్ కంటే ఇది ఒక మెట్టు కింద. మొరైన్ పార్క్‌లో కొంత భాగాన్ని చలికాలంలో తెరిచి ఉంచడం ఆనవాయితీగా వస్తోంది, కానీ నీళ్ళ కుళాయిలు కట్టేస్తారు. మీ వ్యాన్ సొంత హీటర్ మీదా, సొంత నీళ్ళ మీదా ఆధారపడి వెళ్ళండి. కరెంటు కావాలనుకుంటే ఎస్టెస్ పార్క్ ఊళ్ళో చలికాలంలోనూ నడిచే ప్రైవేటు ఆర్వీ పార్కుల్లో (క్యాంపర్‌వ్యాన్ల లాంటి బండ్లు ఆపుకుని పడుకునే స్థలాల్లో) చోటు దొరికాకే తేదీలు ఖాయం చేసుకోండి. చాలా ఆర్వీ పార్కులు అక్టోబర్‌కే మూసేస్తారు.

మంచు సంగతి కూడా తెలియాలి. పార్కు తూర్పు వైపు డిసెంబర్‌లో మంచు పలచగా ఉండి, గాలికి కొట్టుకుపోయి రాళ్ళు తేలుతుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా లోతు బాగుంటుంది. క్రిస్మస్ సెలవులకు స్నోషూ కోసమే ఇక్కడికి రావడం నేను సిఫారసు చేయను.

రెయినియర్: మంచుకు కొదవ లేదు, పడకకే కొదవ

మౌంట్ రెయినియర్ దక్షిణపు వాలు మీద, 1,645 మీటర్ల ఎత్తులో పారడైస్ అనే చోటు ఉంది. 1971–72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు కురిసింది, అంటే ఇరవై ఎనిమిది మీటర్లకు పైనే. అప్పటికి అది ప్రపంచ రికార్డు. 1998–99లో అదే రాష్ట్రంలోని మౌంట్ బేకర్ స్కీ ఏరియా దాన్ని దాటింది. భవనాల కిటికీలు మునిగిపోయి, సొరంగంలోంచి లోపలికి నడిచి వెళ్ళేంత మంచు ఇక్కడ మామూలే. నిస్క్వాలీ విస్టా అనే చిన్న చుట్టుదారి, రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, కొత్తవాళ్ళకు చక్కగా సరిపోతుంది. స్నోషూ అంటే ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో ఒక్క అడుగులో తెలిసేది ఇక్కడే.

చలి తక్కువ. పగలు సున్నా చుట్టుపక్కలే ఉంటుంది. అదే చిక్కు కూడా. మంచు తడిగా, బరువుగా పడుతుంది, ఒక్కోసారి వానగా మారుతుంది. బాన్ఫ్‌లో ఒంటి మీద పడ్డ మంచును దులిపేసుకోవచ్చు. ఇక్కడ అది కోటులోకి ఇంకుతుంది. రాత్రికి తడి గ్లవుజులు, తడి ప్యాంట్లు, తడి సాక్సులు అంత చిన్న వ్యాన్‌లో ఎక్కడ ఆరేస్తారు? నిజం చెప్పాలంటే, మైనస్ 15లో పొడి వ్యాన్ కంటే సున్నాలో తడి వ్యాన్ కష్టం.

ఇక పడక. పార్కులో బండ్లు ఆపుకునే క్యాంప్‌గ్రౌండ్లు చలికాలంలో మూసి ఉంటాయి. పార్కులోని లాంగ్‌మైర్ అనే చోటు నుంచి పారడైస్ వెళ్ళే రోడ్డుకు గేటు ఉంది. మంచు తీశాక పొద్దున్న తెరిచి, సాయంత్రం చీకటి పడేలోగా మూసేస్తారు. వారంలో కొన్ని రోజులే తెరిచిన సీజన్లూ ఉన్నాయి. కాబట్టి వ్యాన్‌లో పడుకోవాలంటే పార్కు బయట, ఆష్‌ఫర్డ్ ఊరి వైపు చోటు చూసుకోవాలి. లేదా క్రిస్టల్ మౌంటెన్ లాంటి స్కీ రిసార్టుల్లో ఆర్వీలకు కేటాయించిన స్థలాన్ని ముందే బుక్ చేసుకోవాలి.

దీనికి తోడు చెయిన్ల నిబంధన. నవంబర్ 1 నుంచి మే 1 వరకు పార్కులోకి వచ్చే ప్రతి బండిలోనూ టైరు చెయిన్లు ఉండి తీరాలి, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే. ఇంకోవైపు అద్దె వ్యాన్ల కంపెనీల్లో చాలా వాటి ఒప్పందంలో చెయిన్లు వేయకూడదని రాసి ఉంటుంది. ఈ రెండూ పొసగవు. అద్దె ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం చదవకుండా రెయినియర్‌కు వ్యాన్ బుక్ చేయకండి.

ఇవన్నీ చూశాక నా మాట ఇది: రెయినియర్‌కు వ్యాన్ వద్దు. సియాటిల్ నుంచి మంచి టైర్లు, చెయిన్లు ఉన్న సొంత కారులో వచ్చి, ఆష్‌ఫర్డ్‌లో ఒక క్యాబిన్ తీసుకుని, వెచ్చటి పొయ్యి దగ్గర బట్టలు ఆరేసుకుంటూ రెండు రోజులు నడిచి వెళ్ళండి. ఆ కొండకు అదే సరైన పద్ధతి.

వ్యాన్ ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి

మొదటి ప్రశ్న హీటర్ దేనితో నడుస్తుంది అని. మూడు రకాలుంటాయి. ప్రొపేన్ ఫర్నేస్ (గ్యాస్ హీటర్) నమ్మకంగా పనిచేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. కానీ వేడిని తోసే ఫ్యాన్ బ్యాటరీ మీద నడుస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి గ్యాస్ ఉండి కూడా బ్యాటరీ అయిపోయి చల్లబడిపోయే వ్యాన్లు చాలా ఉంటాయి. డీజిల్ హీటర్ ఇంధనం తక్కువ తాగుతుంది, వేడి పొడిగా ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి దాంట్లో మసి పడుతుంది కాబట్టి, రాకీ మౌంటెన్‌కు వెళ్ళేవాళ్ళు ఎత్తుకు తగ్గట్టు సర్దుకునే రకమా అని అడగాలి. మూడోది కరెంటు ప్లగ్గుకు పెట్టే మామూలు గది హీటర్. క్యాంప్‌గ్రౌండ్‌లో పాయింటు ఉంటే అన్నిటికన్నా హాయి ఇదే, చప్పుడు లేదు, ఖర్చు లేదు.

కరెంటు లెక్క ముందే వేసుకోండి. 30 ఆంపియర్ల పాయింటు అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. హీటర్ 1,500, ఇండక్షన్ పొయ్యి 1,800 వేస్తే 3,300 అయిపోయింది. దాని మీద రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ పడిపోతుంది. అన్నం వండేంతసేపు హీటర్ ఆపండి, ఎలాగూ పొయ్యి వేడే సరిపోతుంది. కరెంటు ఉంది కదా అని రెండో హీటర్ లేకుండా మాత్రం వెళ్ళొద్దు. 2024 జనవరిలో గడ్డ చలి వచ్చినప్పుడు ఆల్బెర్టా ప్రభుత్వం కరెంటు వాడకం తగ్గించమని ప్రజల ఫోన్లకు అత్యవసర సందేశం పంపాల్సి వచ్చింది.

లిథియం బ్యాటరీలున్న వ్యాన్ అయితే అవి లోపల వెచ్చటి చోట ఉన్నాయా అని అడగండి. సున్నా కంటే తక్కువలో వాటిని చార్జ్ చేయకూడదు. డీజిల్ వ్యాన్‌ను పల్లపు ప్రాంతం నుంచి తెస్తుంటే కొండ ఎక్కేముందు చలి ప్రాంతంలోని బంకులోనే ట్యాంకు నింపండి, అక్కడ అమ్మే డీజిల్ అంత తేలిగ్గా గడ్డకట్టని రకం.

చలికాలంలో అద్దెకిచ్చే వ్యాన్లలో చాలావాటికి నీళ్ళ పైపులు ఖాళీ చేసేసి ఇస్తారు. సింకు పనిచేయదు, టాయిలెట్ పనిచేయదు. ఇది లోపం కాదు, పైపులు పగలకుండా చేసే ఏర్పాటు. అయిదు లీటర్ల క్యాన్లు రెండు మూడు మంచం పక్కన లోపలే పెట్టుకుంటే సరిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో వెచ్చటి బాత్రూము ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమవుతుంది.

తేమ గురించి ఎవరూ చెప్పరు. ఇద్దరు మనుషుల ఊపిరి, దాని మీద అన్నం ఆవిరి, చారు ఆవిరి. పొద్దున లేచేసరికి కిటికీల లోపలి వైపు మంచు పేరుకుంటుంది, పరుపు అడుగు తడుస్తుంది. పైకప్పు గాలి తలుపు ఒక వేలెడు తెరిచి ఉంచే పడుకోవాలి, చలిగా అనిపించినా. వ్యాన్‌లో వంట తగ్గించే తిండి తీసుకెళ్ళండి: పులిహోర పేస్టు, వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ, కారప్పొడి, చపాతీలు, మరిగే నీళ్ళు పోస్తే అయిపోయే సూపులు.

వెచ్చదనం కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలేయడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. అలారం పనిచేస్తోందో లేదో వ్యాన్ తీసుకునేటప్పుడే నొక్కి చూడండి. రాత్రి మంచు కురిస్తే బయటి హీటర్ గొట్టం చుట్టూ పారతో తీసేయండి, అది మూసుకుంటే అదే విషవాయువు లోపలికొస్తుంది. అందుకే పార వ్యాన్ సామానులో తప్పనిసరి.

స్నోషూలు: కొనాలా, అద్దెకా?

మొదటి ట్రిప్పుకు అద్దెకే. మూడు చోట్లా దగ్గర ఊళ్ళో దుకాణాలున్నాయి. వీపు సంచితో కలిపి ఒంటి బరువు చెప్తే సైజు వాళ్ళే ఇస్తారు. సాధారణంగా 22 నుంచి 25 అంగుళాలు సరిపోతాయి. బరువున్నవాళ్ళకూ, ఎవరూ తొక్కని మెత్తటి మంచులోకి వెళ్ళేవాళ్ళకూ 30. పెద్దవి తీసుకుంటే మేలనుకోకండి, నడక దారుల మీద అవి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఎక్కుడు ఉన్న చోటికి వెళ్తుంటే మడమ కింద ఎత్తే కమ్మీ ఉన్నవి అడగండి, పిక్కల నొప్పి సగం తగ్గుతుంది. చేతికర్రలకు అడుగున వెడల్పాటి చక్రాలు ఉండాలి.

బూట్లు మాత్రం సొంతవి కొనండి. తడవని, చీలమండ దాటే బూట్లు, ఉన్ని సాక్సులు. జీన్స్, కాటన్ బనియన్లు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు. మంచినీళ్ళు ఫ్లాస్కులో వేడిగా పోసుకోండి. గొట్టంతో తాగే సంచుల్లో నీళ్ళు దారిలోనే గడ్డకడతాయి. ఎండాకాలపు నడకలో సగం వేగమే లెక్కేసుకుని, మధ్యాహ్నం రెండింటికల్లా వెనక్కి తిరిగేలా బయల్దేరండి. స్కీ వాళ్ళ కోసం గీసిన రెండు గాడుల దారి కనిపిస్తే దాని మీద నడవకండి, పక్కనుంచి వెళ్ళండి.

హిమపాతం

దీని గురించి మెత్తగా చెప్పలేను. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మంచు జారుతుంది. మనం ఆ వాలు మీద లేకపోయినా, దాని కింద నడుస్తున్నా చాలు. కెనడాకు అవలాంచ్ కెనడా, పార్క్స్ కెనడా, కొలరాడోకు కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్, వాషింగ్టన్‌కు నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ రోజూ ప్రమాద స్థాయి ప్రకటిస్తాయి. అయిదు మెట్లు ఉంటాయి. మూడో మెట్టు మధ్యలో ఉంది కదా అని తేలిగ్గా తీసుకుంటారు, చాలామంది ప్రాణాలు పోయేది ఆ మెట్టు దగ్గరే. శిక్షణ, బీకన్ (మంచు కింద చిక్కితే సిగ్నల్ ఇచ్చే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కర్ర) లేనివాళ్ళు హిమపాతం దిగని దారుల్లో మాత్రమే నడవాలి. బాన్ఫ్‌లో పార్క్స్ కెనడా దారులను వాలుల తీరును బట్టి వర్గాలుగా విడదీసింది, బయల్దేరే ముందు సందర్శకుల కేంద్రంలో అడిగితే ఆ రోజు ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్తారు. అయిదు నిమిషాల పని. ఏ రోజూ మానకండి.

ఎవరికి ఏది

ఇద్దరే అయితే, వ్యాన్ అనుభవం కావాలనుకుంటే, బాన్ఫ్. కాగితాల ఇబ్బంది ఉండి అమెరికా దాటలేనివాళ్ళకు రాకీ మౌంటెన్, అదీ మార్చిలో. సియాటిల్ వాళ్ళు రెయినియర్, క్యాబిన్‌తో. నాలుగేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు మూడు చోట్లా ఒకటే సలహా: వ్యాన్ మానేసి గది తీసుకోండి, ఆ డబ్బుతో ఇంకో రోజు నడవండి.

నెలల్లో నా ఓటు మార్చి మొదటి సగానికి. పగలు పదకొండు గంటలకు పైగా ఉంటుంది, మంచు లోతు దాదాపు గరిష్ఠానికి చేరుతుంది, గడ్డ చలి వారాలు తగ్గుతాయి. క్రిస్మస్ వారంలో క్యాంప్‌గ్రౌండ్లూ వ్యాన్లూ ఖరీదు, వెలుగూ తక్కువ. మార్చిలో ఎండ పెరిగేకొద్దీ మధ్యాహ్నం వాలుల మీద మంచు మెత్తబడి జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి నడక పొద్దున్నే ముగించుకోవాలి. క్యాంప్‌గ్రౌండ్ ముందు బుక్ చేయండి, తర్వాత వ్యాన్, చివర విమానం టికెట్లు. ట్రిప్పు చివర ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే, రోడ్డు మూసినప్పుడు జారే దారిలో తొందరపడి విమానం కోసం పరిగెత్తాల్సిన అవసరం రాదు.